ఓటమికి హద్దు గీస్తే భయం తగ్గుతుంది

ఇంటర్మీడియట్ పూర్తిచేసిన పిల్లలున్న ఇంట్లో వేసవి వచ్చేసరికి ఒక ప్రశ్న తప్పదు. ‘తర్వాత ఏం చేస్తావు?’ ఇంజనీరింగ్ అంటే ఫీజు ఎంతని అడుగుతారు. ఫార్మసీ అంటే సీటు ఏ ఊళ్ళో వస్తుందని అడుగుతారు. ఐ.టి.ఐ. చేసి గల్ఫ్ వెళ్తానంటే ఏజెంటు ఎవరని ఆరా తీస్తారు. మామూ షాపులో కూర్చుంటానంటే ‘సరే, బుద్ధిగా కూర్చో’ అంటారు. కాని ‘నేను బొమ్మలు వేస్తాను’, ‘కథలు రాస్తాను’, ‘సినిమాల్లో ఎడిటింగ్ నేర్చుకుంటాను’ అని కొడుకో కూతురో అంటే మాత్రం ఇంట్లో ఎవరికీ ఏం అడగాలో తోచదు. అబ్బా టీ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోతారు. ‘ముందు డిగ్రీ చెయ్యి బేటా, తర్వాత చూద్దాం’ అంటుంది అమ్మీ. ఆ సంభాషణ మళ్ళీ మొదలు కాదు.

ఇలాంటి పిల్లలు మన వీధుల్లో, మన బంధువుల ఇళ్ళలో ఎంతోమంది ఉన్నారు. నోటుపుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు గీసేవారున్నారు. సెల్‌ఫోన్‌తోనే చిన్న చిన్న సినిమాలు తీసేవారున్నారు. పెళ్ళి వచ్చిందంటే బంధువులంతా మెహందీ కోసం తన ముందే వరుస కట్టేంత నేర్పున్న ఆడపిల్లలున్నారు. ఎవరికీ చూపించకుండా కవితలు రాసి దాచుకునేవారున్నారు. వీరిలో చాలామంది వెనకడుగు వేయడానికి కారణం చేతకాకపోవడం కాదు, ‘ఒకవేళ ఓడిపోతే?’ అన్న భయం. ఆ భయం గురించి పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని ఆలోచించడానికి ఈ వారం కొన్ని మాటలు.

ఆ భయం ఎక్కడినుంచి వచ్చింది?

కలిగిన ఇంటి పిల్లవాడు రెండేళ్ళు పెయింటింగ్ నేర్చుకుని మానేస్తే వాడికి రెండేళ్ళు పోతాయి. మన ఇళ్ళలో లెక్క వేరు. ఆటో నడిపే తండ్రి, వెల్డింగు చేసే తండ్రి, బట్టలు కుట్టే తల్లి, బండి మీద పళ్ళు అమ్మే అన్న కలిసి నెల గడుపుతుంటారు. చదువుకు కట్టిన ఫీజు చిట్టీ పాడి తెచ్చిందో, అమ్మీ గాజులు కుదువ పెట్టి తెచ్చిందో అయివుంటుంది. తన వెనక ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఉంటాయి. అలాంటి ఇంట్లో ‘నేను ఓడిపోతే’ అన్న మాటకు ‘మా అమ్మీ గాజులు పోతే’ అని అర్థం. కనుక ఈ భయాన్ని పిరికితనమని కొట్టిపారేయకూడదు. ఇంటి కష్టం తెలిసిన పిల్లలకే ఇది ఎక్కువగా ఉంటుంది.

పెద్దల భయానికీ కారణాలున్నాయి. సినిమాల్లో చేరతానని హైదరాబాద్ వెళ్ళి, కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి ఒకే గదిలో ఉండి, ముప్పై ఐదేళ్ళు వచ్చాక చేతిలో ఏ పనీ లేకుండా తిరిగివచ్చిన మనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకరైనా కనిపిస్తారు. ఆ ఒక్కడిని చూసిన తండ్రి తన కొడుకు అలా కాకూడదనుకోవడం సహజం. కాబట్టి పిల్లలు పెద్దల్ని శత్రువులుగా చూడడం, పెద్దలు పిల్లల్ని బాధ్యత లేనివారుగా చూడడం రెండూ పొరపాటే. నిజానికి ఇద్దరూ భయపడుతున్నది ఒకే విషయానికి. ఐతే ఎవరి భయం వారి మనసులోనే ఉండిపోతోంది.

మూడు భయాల ముడి

‘వద్దు’ అని పెద్దలు అన్నప్పుడు ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు భయాలు కలిసివుంటాయి. ముందుగా వాటిని విడదీయాలి.

మొదటిది, ‘ఈ పని మనకు తగినదేనా?’ అన్నది. సంగీతం, నటన వంటి విషయాల్లో మన పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. కొన్ని కుటుంబాలు కొన్నిటిని అసలు అంగీకరించవు. ఆ ప్రశ్న నిజంగానే ఉంటే దాన్ని ప్రశ్నగానే తీసుకుని, కుటుంబం నమ్మే ఆలిమ్ దగ్గర కూర్చుని మాట్లాడుకోవాలి. ఐతే అక్షరకళ, చిత్రకథలు, వస్త్రాల డిజైన్లు, కథారచన, భవనాల నమూనాలు గీయడం వంటి పనులకు కూడా ఈ కారణమే చెబుతున్నామంటే, అసలు భయం వేరేచోట ఉందని అర్థం. డబ్బు భయాన్ని ధర్మం పేరుతో చెబితే పిల్లలు త్వరగానే పసిగడతారు. ఆ తర్వాత వారు రెండు మాటల్నీ నమ్మరు.

రెండోది, ‘ఇది కూడు పెడుతుందా?’ అన్నది. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు కోపంలో దొరకదు, లెక్కలో దొరుకుతుంది. ఆ లెక్క గురించి కింద చెప్పుకుందాం.

మూడోది, ‘నలుగురూ ఏమంటారు?’ అన్నది. గట్టిగా పైకి అనం గాని, చాలా ఇళ్ళలో అన్నిటికంటే బలమైనది ఇదే. బుర్రకథకు మారుపేరుగా నిలిచిన షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టారు. జనం ఎదుటివారిని కించపరచడానికి వాడే ‘పింజారి’ అన్న మాటనే తన జీవితకథకు పేరుగా ఉంచుకున్నారాయన. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఊరివాళ్ళ నోళ్ళకు ఆయన భయపడివుంటే ఆ గొంతు మనకు దక్కేది కాదు. మాటలనేవాళ్ళు మనం గెలిచినా అంటారు, ఓడినా అంటారు. మన ఇంటి అప్పు తీర్చడానికి మాత్రం వారిలో ఎవరూ రారు. అందుచేత మూడు భయాల్లో ఈ ఒక్కదాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు.

భయం పిల్లల చేత ఏం చేయిస్తుంది?

ఓటమి భయం ఉన్నవారు ఏడుస్తూ కూర్చోరు. బయటికి చాలా మామూలుగా కనబడతారు. కథ రాసిన అమ్మాయి దాన్ని పత్రికకు పంపదు. ‘ఇంకొక్కసారి దిద్ది పంపుతాను’ అంటుంది. ఏడాది గడుస్తుంది. బొమ్మలు వేసే కుర్రాడు మంచి రంగులు కొన్నాక మొదలుపెడతానంటాడు. కెమెరా లేదనేవాడు కెమెరా వచ్చాక లెన్స్ లేదంటాడు. ఎంట్రెన్సు పరీక్షకు దరఖాస్తు పెట్టాలనుకున్నవాడు చివరితేదీ దాటాక ‘అయ్యో, మర్చిపోయాను’ అంటాడు.

వీటిని మనం బద్ధకం అంటాం. చాలాసార్లు ఇది బద్ధకం కాదు. పరీక్ష రాయనివాడు ఫెయిల్ కాడు. పంపని కథ తిరిగి రాదు. ప్రయత్నించకుండా ఉన్నంతకాలం ‘నాకు ప్రతిభ ఉంది గాని అవకాశం రాలేదు’ అని చెప్పుకోవచ్చు. ప్రయత్నించి కాదనిపించుకుంటే ఆ మాట కూడా మిగలదు. అందుకని మనసు ఆ ఒక్క మాటను కాపాడుకోవడానికి ఏళ్ళకేళ్ళు ఖర్చు చేస్తుంది. ఈ సంగతి ఎవరికి వారు గమనించుకుంటే సగం మేలు. ‘నేను నిజంగా సిద్ధంగా లేనా, లేక కాదంటారేమోనని భయపడుతున్నానా?’ అని నెలకోసారి తమను తాము అడుగుకోవాలి.

మరొక అలవాటు కూడా ఉంది. కొంతమంది పిల్లలు మొదటి అడుగే చాలా పెద్దది వేయాలనుకుంటారు. మొదటి కథే బహుమతి పొందాలి, మొదటి సినిమాయే థియేటర్లో ఆడాలి అనుకుంటారు. అంత పెద్ద అడుగు పడదు గనుక చిన్న అడుగు కూడా వేయరు. పెద్ద కల కనడం తప్పు కాదు, కాని ఈ వారం పూర్తయ్యేంత చిన్న పని ఒకటి చేతిలో ఉండాలి.

ముందు నడిచినవారు ఏం చేశారు?

గెలిచినవారి పేర్లు చెప్పి ‘మీరూ అలా కావాలి’ అనడం సులువు. దానివల్ల భయం తగ్గకపోగా పెరుగుతుంది. పేరు వచ్చిన ఒక్కరి వెనక పేరు రానివారు ఎందరో ఉంటారు. వారి గురించి ఎవరూ రాయరు. కనుక కింది నలుగురి విజయాన్ని పక్కన పెట్టి, విజయం రాకముందు వారు ఏం చేశారో చూద్దాం.

నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా 1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టారు. తరతరాలుగా నాదస్వరమే ఆ కుటుంబం వృత్తి. ఇంటి విద్య చేతిలో ఉంది. దానితోనే ఆయన జీవితం వెళ్ళిపోయేది. కాని తంజావూరు బాణీ మీద మక్కువతో తమిళదేశం వెళ్ళి, నాచ్చియార్‌కోయిల్ సోదరుల వద్ద మళ్ళీ శిష్యుడిగా కూర్చున్నారు. తర్వాతి కాలంలో శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు పొందారు. 1999లో కన్నుమూశారు. వచ్చిన విద్యను పక్కన పెట్టి రాని విద్య కోసం మరొకరి ముందు కూర్చోవాలంటే ‘నాకిది రాదు’ అని ఒప్పుకోవాలి. ఓటమి భయం ఉన్నవారికి అన్నిటికంటే కష్టమైన పని అదే. ఆయన శిష్యులైన కాలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీ దంపతులు కూడా నాదస్వరంలో పేరు తెచ్చుకుని 2020లో పద్మశ్రీ జాబితాలో చేరారు. మగవాళ్ళదే అనుకునే వాద్యాన్ని చేతబట్టి కచేరీలు చేసిన ఆడకూతురు కాలీషాబీ.

కవి ఇస్మాయిల్ 1928లో పుట్టారు. కాకినాడ పి.ఆర్. కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించి, ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేశారు. ఆయన మొదటి కవితా సంపుటి ‘మృత్యువృక్షం’ 1976లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 48. ఆ తర్వాత సంపుటాలు వరుసగా వచ్చాయి. కవిత్వం ఆయనకు కూడు పెట్టవలసిన అవసరం రాలేదు. కూడు పాఠాలు చెబితే వచ్చింది. అందువల్ల కవిత్వానికి ఎంత సమయం కావాలో అంతా ఇవ్వగలిగారు. ఇరవై రెండేళ్ళకే పేరు రాలేదని దిగులుపడే మన పిల్లలు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. కొన్ని కళలకు ఉద్యోగం అడ్డం కాదు, అండ.

చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ 1915లో మహారాష్ట్రలోని పంఢర్‌పూర్‌లో పుట్టారు. బొంబాయిలో ఆయన మొదట బతికింది సినిమా హోర్డింగులకు రంగులు వేసి. తర్వాత పిల్లల ఆటబొమ్మలకు, ఫర్నిచర్‌కు డిజైన్లు గీశారు. చిత్రకారుడిగా గుర్తింపు వచ్చింది 1947 ప్రాంతంలో, ముప్పై దాటాక. హోర్డింగు పని చిన్నతనమని ఆయన అనుకోలేదు. ఎత్తైన బల్లకట్టు మీద నిలబడి అంతంత పెద్ద ముఖాలు గీయడం చేతికి గొప్ప సాధన అయింది, పూటకు తిండీ పెట్టింది.

సంగీత దర్శకుడు ఎ.ఆర్. రహ్మాన్ తొమ్మిదేళ్ళ వయసులో తండ్రిని పోగొట్టుకున్నారు. తండ్రి వదిలివెళ్ళిన వాద్యాలను అద్దెకిచ్చి ఆ కుటుంబం గడిపింది. కుర్రతనం నుంచే ఆయన ఇతరుల దగ్గర కీబోర్డు వాయించారు. వ్యాపార ప్రకటనలకు సంగీతం కట్టారు. ‘రోజా’ సినిమా వచ్చిన 1992 నాటికి ఇంటి ఆవరణలో సొంత రికార్డింగు స్టూడియో ఉంది. 25 ఏళ్ళు వచ్చేదాకా తాను పనికిరానేమోనన్న దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా తనను వేధించేవని 2018లో ఆయనే చెప్పారు. ప్రపంచమంతా మెచ్చిన మనిషికి కూడా ఆ వయసులో ఆ భయం ఉంది. భయం ఉండగానే ఆయన రోజూ పనికి వెళ్ళారు.

ఈ నలుగురిలో ఎవరూ ‘అంతా వదిలేసి’ కళలోకి దూకలేదు. ఒకరు మళ్ళీ శిష్యుడయ్యారు. ఒకరు ఉద్యోగం నిలుపుకున్నారు. ఇద్దరు తమ కళకు పక్కనే ఉన్న చిన్న పనితో పొట్ట పోసుకున్నారు. ధైర్యమంటే వెనక దారి మూసేయడం అని సినిమాలు మనకు నేర్పాయి. జీవితంలో అలా చేసినవారు తక్కువ.

భద్రమైనది నిజంగా భద్రమేనా?

‘ఉద్యోగమైతే భద్రం’ అని మనం అంటాం. కొంతవరకు నిజమే. కాని దీన్ని కూడా పరీక్షించి చూడాలి. ఒకప్పుడు ఉర్దూ పత్రికల్లో కాతిబ్ పని ఎంతో గౌరవమైనది, స్థిరమైనది. పేజీ మొత్తం చేత్తో రాసేవారు. 1990లలో నస్తాలిక్ అక్షరాలను కంప్యూటర్ మీద కూర్చడం వచ్చాక ఆ ఉద్యోగాలు పోయాయి. హైదరాబాద్‌లో పెళ్ళికార్డులకు పేరుపడిన చత్తా బజార్‌లో కూడా కలం పట్టిన చేతుల స్థానంలో కంప్యూటర్లు వచ్చాయి. ఫ్లెక్సీలు రావడంతో సినిమా హోర్డింగులు, షాపు బోర్డులు రాసే పెయింటర్ల చేతుల్లో పని లేకుండా పోయింది. ఇప్పుడు నోటితో చెబితే బొమ్మ గీసి ఇచ్చే కంప్యూటర్ ప్రోగ్రాంలు వచ్చాయి. అవి చిత్రకారుల పనిలోనే కాదు, లెక్కలు రాసేవారి పనిలో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కూడా మార్పు తెస్తున్నాయి. అంటే ప్రమాదం కళలో మాత్రమే ఉందని, మిగతా దారులన్నీ సిమెంటు రోడ్లని అనుకోవడానికి లేదు.

భద్రమనుకునే చదువు దారిలో కూడా ఓటమి భయం ఎంత పని చేస్తుందో మనం చూశాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. వారు సినిమాల కోసమో కవిత్వం కోసమో వెళ్ళినవారు కాదు. మనం వేసిన దారిలోనే నడిచినవారు. ఓడిపోతే ఇంటికి ఎలా రావాలో ఎవరూ వారికి చెప్పలేదు. కాబట్టి పిల్లలు ఏ దారి ఎంచుకున్నా నేర్పవలసిన మొదటి విద్య ఇదే. ‘నువ్వు ఓడిపోయినా ఈ ఇంటి తలుపు తెరిచే ఉంటుంది’ అని ఫలితాల రోజు కాదు, ఫలితాలకు ముందే చెప్పాలి.

ఇంట్లో ఒక ఒప్పందం

ఇప్పుడు లెక్క మాట. భయం ఎప్పుడు పెరుగుతుంది? దాని హద్దు తెలియనప్పుడు. చీకటి గదిలో ఏముందో తెలియక భయపడతాం. దీపం పెడితే ఉన్నది పాత బీరువా అని తెలుస్తుంది. ఓటమి కూడా అంతే. ఓడిపోతే ఏం పోతుంది, ఎంత పోతుంది, ఆ తర్వాత ఏం చేస్తాం అన్నది ముందే మాట్లాడుకుంటే, మిగిలిన భయాన్ని మోయగలం. ఒక సెలవు రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరూ కూర్చుని ఐదు విషయాలు తేల్చుకోవాలి. వీలైతే కాగితం మీద రాసుకోవాలి.

మొదటిది గడువు. ఏడాదిన్నరో, రెండేళ్ళో. ‘ఎన్నేళ్ళైనా సరే’ అనడం పిల్లలకు మేలు చేయదు. ‘ఆరు నెలల్లో నిరూపించు’ అనడమూ న్యాయం కాదు. టైలరింగు పూర్తిగా రావడానికే ఏడాది పడుతుంది గదా!

రెండోది డబ్బు. ఎంతవరకు పెట్టగలమో ఒక అంకె రాసుకోవాలి. అది పోయినా ఇల్లు నిలబడేంత అంకె కావాలి. ఉన్న ఇంటిని తాకట్టు పెట్టడం, చెల్లెలి పెళ్ళికని దాచింది తీయడం ఈ లెక్కలో ఉండకూడదు. ఖరీదైన కెమెరాతోనూ, పెద్ద ఫీజుల సంస్థతోనూ మొదలుపెట్టడం కంటే చేతిలోని ఫోనుతో, అద్దె సామానుతో మొదలుపెట్టడం మంచిది.

మూడోది కొలత. ‘పేరు రావాలి’ అన్నది కొలత కాదు, అది మన చేతిలో లేదు. యూట్యూబ్‌లో ఎంతమంది చూశారన్నది కూడా నమ్మదగిన కొలత కాదు. మన చేతిలో ఉన్నవి రాసుకోవాలి. పన్నెండు కథలు పూర్తిచేసి పత్రికలకు పంపడం, రోజుకొక బొమ్మ చొప్పున ఏడాదంతా గీయడం, పది నిమిషాల సినిమాలు మూడు తీయడం, పని తెలిసినవారి దగ్గర ఆరు నెలలు సహాయకుడిగా చేయడం వంటివి. వీటికి తోడు ఇంకొక కొలత ఉంది. ‘రెండోసారి పిలిచారా?’ మొదటి పని బంధుత్వం వల్లో జాలివల్లో రావచ్చు. రెండోసారి పిలుపు పని నచ్చితేనే వస్తుంది.

నాలుగోది తిరుగుదారి. గడువులో అనుకున్నది కాకపోతే ఏం చేస్తామో ముందే చెప్పుకోవాలి. డిగ్రీ పూర్తిగా వదిలేయనక్కరలేదు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వంటి చోట్ల పని చేసుకుంటూ చదవవచ్చు. డి.టి.పి., ఎడిటింగ్, ఫొటోగ్రఫీ, అనువాదం, టైలరింగు వంటి చేతిపని ఒకటి వచ్చివుంటే తిరిగిరావడం సిగ్గుగా అనిపించదు.

ఐదోది మాట. గడువు పూర్తయ్యేదాకా పెద్దలు ఎత్తిపొడవకూడదు. ‘ఫలానా వాళ్ళబ్బాయి అమెరికా వెళ్ళాడు’ అని రోజూ అన్నం ముందు చెప్పకూడదు. పిల్లలు అబద్ధం చెప్పకూడదు. పని లేకపోతే లేదని చెప్పాలి, డబ్బు పోతే పోయిందని చెప్పాలి. ఓటమి కంటే అబద్ధాలే ఎక్కువ ఇళ్ళను విరగ్గొడతాయి.

గడువు వచ్చినరోజు మళ్ళీ కూర్చోవాలి. మూడు దారులుంటాయి. కొనసాగడం, ఉద్యోగం చేసుకుంటూ కళను పక్కన ఉంచుకోవడం, లేదా ఆపేయడం. ఒప్పందం ప్రకారం ఆపేస్తే దాన్ని ఓటమి అనకూడదు. రెండేళ్ళు క్రమంగా పనిచేసి, తేదీలకు కట్టుబడి, కాదన్న మాట విని తట్టుకున్న కుర్రాడు ఏ షాపులోనైనా, ఏ ఆఫీసులోనైనా నిలబడతాడు.

ఆడపిల్లలకూ ఇదే ఒప్పందం వర్తించాలి. ‘పెళ్ళయ్యాక నీ ఇష్టం’ అని దాటవేస్తే ఆ ఇష్టం ఎప్పటికీ రాదని మనందరికీ తెలుసు. ‘ఆకురాలు కాలం’ రాసిన మహెజబీన్, ‘నఖాబ్’ రాసిన షాజహానా తెలుగు కవిత్వంలో తమ గొంతు వినిపించారు. వారివంటివారు మన ఇళ్ళలో ఇంకెందరున్నారో, డైరీ పేజీల్లోనే ఆగిపోయినవారు ఎందరో ఆలోచించండి.

దారులు, మోసాలు

చదువు దారిలో వెళ్ళాలనుకునేవారికి హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ వంటివాటిలో డిగ్రీ చేయవచ్చు. హైదరాబాద్‌లో నిఫ్ట్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఉంది. సినిమా సాంకేతిక విద్యకు పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, నాటకానికి ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉన్నాయి. ఇవన్నీ ప్రభుత్వ సంస్థలు, ప్రవేశపరీక్షలున్నవి. సీటు రాకపోవచ్చు. కాని ఆ పరీక్షకు తయారవడంలోనే ‘ఇది నాకు సరిపడుతుందా’ అన్నది చాలావరకు తేలిపోతుంది.

సినిమా అంటే హీరోలే గుర్తుకొస్తారు. ఆ పరిశ్రమలో 24 శాఖలున్నాయి. మేకప్, కాస్ట్యూమ్స్, కళాదర్శకత్వం, సౌండు, ఎడిటింగ్, డబ్బింగ్ వంటి పనుల్లో చేతినేర్పుతో కుటుంబాలు పోషించుకుంటున్నవారు ఎందరో ఉన్నారు. ఐతే సహాయకులుగా చేరినవారికి మొదట నెలల తరబడి డబ్బు సరిగా అందకపోవచ్చు. ఇది తెలిసే వెళ్ళాలి.

మోసాల విషయంలో ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. పని ఇచ్చేవాడు డబ్బిస్తాడు, అడగడు. ‘ఆల్బమ్ తీయించాలి’, ‘కార్డు ఇప్పిస్తాం’, ‘డైరెక్టరుకు కొంత ఇవ్వాలి’ అని ముందుగా డబ్బు అడిగేవారికి దూరంగా ఉండాలి. పుస్తకం వేస్తామని రచయిత దగ్గరే డబ్బు తీసుకునే సంస్థల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆడపిల్లల్ని ఒంటరిగా ఎక్కడికో రమ్మనేవారి మాట అసలు వినకూడదు. పని నిజమైనదైతే ఇంట్లోవారు వెంట వస్తామన్నా అభ్యంతరం చెప్పరు.

ఓడి వచ్చినవాడిని ఎలా పిలవాలి?

ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (స) తనను అడిగిన వ్యక్తికి బోధించిన సంగతి మనకు తెలిసిందే. ఈ విషయానికి ఆ మాట చక్కగా సరిపోతుంది. గడువు, డబ్బు, కొలత, తిరుగుదారి, మాట అన్నవి తాడు ముడివేయడం వంటివి. ఆ తర్వాత ఏం జరిగేదీ మన చేతిలో ఉండదు. తాడు కట్టకుండా ‘అల్లాహ్ ఉన్నాడు’ అని పిల్లలు బయలుదేరడం తగదు. తాడు కట్టాక కూడా అడుగు వేయనివ్వకపోవడం పెద్దలకు తగదు.

అన్నీ సక్రమంగా చేసినా కొందరు ఓడిపోతారు. అలా వచ్చిన బిడ్డను గుమ్మంలో నిలబెట్టి ‘నేను ముందే చెప్పాను’ అనకండి. ఆ మాట అనడంలో ఒక్క క్షణం తృప్తి ఉండవచ్చు. దాని గాయం బిడ్డకు ఎన్నో ఏళ్ళు ఉంటుంది. ముందు అన్నం పెట్టండి. నిద్రపోనివ్వండి. కొన్ని రోజులాగి ‘ఏం నేర్చుకున్నావు?’ అని అడగండి. తిండి మానేసి, ఎవరితోనూ మాట్లాడక, ‘నేను లేకపోతే నయం’ వంటి మాటలు అంటుంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఏ వేళనైనా, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మనసుకు వైద్యం చేయించుకోవడంలో జ్వరానికి మందు వేసుకోవడంలో లేని సిగ్గు దేనికి?

పిల్లలకు చివరగా ఒక మాట. భయం పోయాక మొదలుపెడదామని ఎదురుచూడకండి. అది పూర్తిగా పోదు. ఈ వారమే మీ నోటుపుస్తకంలోని ఒక కథను తేట రాసి పంపండి. ఒక బొమ్మను ఆ విద్య తెలిసినవారికి చూపించి తప్పులు చెప్పమనండి. తిరిగివస్తే ఇంకొకటి పంపండి. పెద్దలకు కూడా ఒక మాట. ఈరోజు జుమా నమాజ్ నుంచి ఇంటికి వచ్చాక, ఎప్పుడో ఆగిపోయిన ఆ సంభాషణను మీరే మళ్ళీ మొదలుపెట్టండి. ‘వద్దు’ అనడానికి ముందు ‘నీ బొమ్మలు ఒకసారి చూపించు బేటా’ అనండి. ఒప్పుకోవాలో వద్దో ఆ తర్వాత ఇద్దరూ కలిసి తేల్చుకోవచ్చు.